చెవులయ్య కన్నా ముందు

చెవులయ్య మా ఊరికి పోలీసు జీపులో వచ్చాడు, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య దర్జాగా కూర్చుని. అప్పటికింకా ఆ పేరు లేదు. పంచనామాలో ఆయన పేరు ‘పదకొండో వస్తువు’. పదో వస్తువు సోఫా. పన్నెండోది ఫ్రిజ్జు.

సంగతేమిటంటే, మా ఊరి పొలిమేరలో నిమ్మతోట మధ్య చిట్టీల కంపెనీ ఆసామి ఒకడు విడిది కట్టుకున్నాడు. అతను వచ్చినప్పుడల్లా మావాళ్లు గేటు దగ్గర నిలబడి దణ్ణాలు పెట్టేవాళ్లు. ఒకనాడు పోలీసులొచ్చి అతన్ని జీపెక్కించారు. మావాళ్లు అలవాటు చొప్పున జీపుకూ దణ్ణం పెట్టారు. విడిదిలో సామానంతా జప్తు అయింది. కేసు తేలేదాకా ప్రతి వస్తువూ పట్టుకున్న నాడు ఎట్లా ఉందో అట్లాగే ఉండాలనీ, ఏ కాస్త తరుగొచ్చినా అధికారులే జవాబుదారులనీ కోర్టువారు ఉత్తర్వు ఇచ్చారు.

అందుకని సోఫాకు చెదలు పట్టకుండా తాసిల్దారు కోదండపాణిగారు దాన్ని తన గదిలో వేయించుకుని, రోజూ భోజనమయ్యాక స్వయంగా దానిమీద పడుకుని పరీక్షిస్తూ వచ్చారు. ఫ్రిజ్జు మూలపడి చెడిపోకుండా పోలీసుస్టేషనులో మజ్జిగసీసాలు పెట్టి కాపాడారు. పదకొండోదైన కుక్క ఒక్కటే ఎవరి వాడకానికీ రాని వస్తువు. దాన్ని పశువుల ఆసుపత్రికి పంపారు.

ఆసుపత్రి అంటే మాకు అప్పటికి రెండేళ్ల ముచ్చట. అంతకుముందు దానికి తాళం, వరండాలో మేకలు. డాక్టరు ప్రసూన వచ్చాక తాళం ఊడింది. వచ్చిన కొత్తల్లోనే, ఆసుపత్రి పక్క కొట్టంలో ఉండే ఆదెమ్మ గేదెకు దూడ అడ్డం తిరిగితే, భుజం దాకా చెయ్యి పెట్టి దూడను సరిచేసి బయటికి లాగింది. ఆ జున్ను ఊరంతా తిన్నది. తిన్న మర్నాటి నుంచి, ఈ డాక్టరమ్మ బదిలీ కాకుండా చూడమని మా ఆడవాళ్లు దేవుళ్లకు మొక్కుకోవడం మొదలుపెట్టారు. అందువల్ల కుక్కకు ఏమన్నా అయితే డాక్టరమ్మకు ఏమవుతుందనేది మాకు కుక్క కన్నా పెద్ద సంగతి.

కుక్క జీపు దిగింది. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, మెత్తటి బొచ్చు, కన్నీళ్లు పెట్టబోతున్నట్టుండే పెద్ద కళ్లు, నేల రాసే చెవులు. దిగుతూనే హెడ్డు కానిస్టేబుల్ బూట్ల ముందు వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ పైకెత్తి, పొట్ట నిమరమని చూపించింది. హెడ్డు జకరయ్య ఒక అడుగు వెనక్కి వేసి, తల పక్కకు తిప్పుకుని సంతకం తీసుకున్నాడు.

“ఇదేం కుక్కమ్మాయ్? చెవులు మా గేదె చెవుల్లాగుండయ్యి. మూతేమో చెక్కేసినట్టుంది. మొరగనన్నా మొరిగిద్దా?” అంది ఆదెమ్మ.

“మొరగడం తక్కువే పెద్దమ్మా. పెద్దింటివాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి పెంచిన జాతి. స్పానియల్ అంటారు. అందులో పొట్టి రకం.”

“అయితే కూర్చోబెట్టుకోవటానికే వచ్చిందన్నమాట ఆఫీసుకి. మంచిదేలే, తోడుంటది.”

డాక్టరమ్మ నవ్వి, దాని చెవి మడత ఎత్తి లోపల చూసింది, పళ్లు చూసింది, గుండె విన్నది, వెల్లకిలా ఉన్నదాన్ని వెల్లకిలాగానే నిదానంగా తడిమి చూసింది. తరవాత ఆదెమ్మకు చెప్పింది. రోజుకు రెండే పూటలు, అదీ చిన్న గిన్నె కొలత. ఉడికించిన కోడిమాంసం, కాస్త అన్నం, కేరట్టు. ఉప్పు పడకూడదు, ఉల్లిపాయ అసలు తగలకూడదు. ఈ జాతికి గుండెజబ్బు పొంచి ఉంటుంది, లావెక్కితే గుండె మోయలేదు. చెవులు వేలాడతాయి గనక లోపల గాలి ఆడదు, వారం వారం తుడవకపోతే చీముపడుతుంది. పళ్లు తోమాలి. పొద్దునా సాయంత్రం కాస్త నడిపించాలి.

“మా ముసలాయన బతికున్నప్పుడు ఇయ్యే చెప్పాడు పెద్దాసుపత్రి డాక్టరు,” అంది ఆదెమ్మ. “ఉప్పు మానలా, పళ్లు తోమలా. చెవులొక్కటే ఆయనకి బాగుండేయి. మనం చెప్పింది మాత్రం ఇనేవోడు కాదు.” అని కుక్కవైపు చూసి, “ఏం చెవులయ్యా, నువ్వన్నా ఇంటావా?” అంది.

అప్పటినుంచి అదే పేరు. కుక్క కాస్తా అతనయ్యాడు. మొదటి నెల చెవులయ్య బాగా తిన్నాడు, బాగా తిరిగాడు, కనపడ్డ ప్రతి మనిషి ముందూ వెల్లకిలా పడ్డాడు.

తరవాత సర్క్యులరు వచ్చింది.

జిల్లాలో మరో మూల ఏదో హాస్టల్లో చారు తిని పిల్లలకు వాంతులయ్యాయట. వండినదాన్ని పిల్లలకు పెట్టే ముందు అయ్యవారు రుచి చూడాలన్న నియమం బళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. దాన్ని గట్టిచేస్తూ పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. ఇకమీదట ‘ప్రభుత్వ పోషణలో ఉన్న ప్రతి ప్రాణికీ’ ఆహారమిచ్చుటకు అరగంట ముందు ‘బాధ్యత గల అధికారి’ అదే ఆహారమును స్వయముగా భుజించి, సంతృప్తి చెందినట్లు సంతకము చేయవలెను. పిల్లలు అని రాయవలసిన చోట ప్రాణి అని రాసినాయన ఎవరో గాని, పెద్దమనసు గలవాడు.

మర్నాడే తాసిల్దారు కోదండపాణిగారు జీపులో వచ్చారు. వెనక ఒక బంట్రోతు అరిటాకు పట్టుకుని దిగాడు.

“డాక్టరుగారూ, సదరు శునకము రెవెన్యూ కస్టడీలోని జప్తు వస్తువు. కాబట్టి ఇందు నిమిత్తం బాధ్యత గల అధికారిని నేను,” అన్నారు. “వడ్డించండి.”

డాక్టరమ్మ గిన్నెలోంచి ఒక చెంచాడు ఆకులో వేసింది. కోదండపాణిగారు కళ్లు మూసుకుని మింగి, నీళ్లు తాగి, అరగంట సేపు గడియారం చూస్తూ కూర్చున్నారు. ఆయనకేమీ కాలేదు. సంతకం పెట్టి వెళ్లారు. చెవులయ్య మిగతాది తిన్నాడు. అంతవరకూ బాగానే ఉంది.

మూడోనాటికి పోలీసువారికి తెలిసింది. పట్టుకున్నది తామైతే బాధ్యత రెవెన్యూకి ఎట్లా పోతుందని ఎస్సైగారు జకరయ్యను పంపారు. జకరయ్య భోజనప్రియుడు. “ఉప్పు లేదు, కారం లేదు, నోట్లో పెట్టుకుంటే పత్యం కూడులాగుందండీ,” అని, రుచి తెలియడం కోసం రెండోసారి తిన్నాడు. వారం తిరక్కుండా జిల్లా పశువుల శాఖ పెద్దాఫీసరు వైకుంఠరావుగారు దిగారు. “పశువు ఏ రూపమున ఉన్నను, వస్తువుగానే ఉన్నను, అది మా శాఖకు చెందిన ప్రాణి,” అన్నారు. ఆయన వెంట శిశు సంక్షేమాధికారిణి భ్రమరాంబగారు వచ్చారు. పసివాళ్ల భోజనాలు రుచి చూడడంలో జిల్లాలో ఆవిడను మించిన అనుభవం ఎవరికీ లేదట.

ఇప్పుడు వరస ఒకటి కావాలి. పైవారికన్నా ముందు కిందివారు తింటే పైవారికి పెట్టేది ఎంగిలవుతుంది. అందుకని ముందు వైకుంఠరావుగారికి ఆకు వేయాలి, తరవాత కోదండపాణిగారికి, తరవాత భ్రమరాంబగారికి, చివర జకరయ్యకు. చెవులయ్య వరస జకరయ్య తరవాత. ఎవరి ఆకు వారిదే, ఎవరి చెంచాడు వారిదే. నలుగురూ తిన్నాక గిన్నె అడుగున ఒక కేరట్టు ముక్క, నాలుగు మెతుకులు మిగిలేవి.

“సార్, కొలత పెంచాలి,” అంది డాక్టరమ్మ.

కోదండపాణిగారు నొచ్చుకున్నారు. “ఎట్లా పెంచుతామమ్మా? కొలత మించితే లావెక్కుతుంది, గుండె ఆగుతుంది అని మీరే కదా రాశారు! కోర్టువారికి ఏం చెప్పమంటారు? శాస్త్రాన్ని మీరే కాదంటే ఎట్లా?”

“కుక్క తినే కొలత సార్ అది. ఆఫీసర్లు తినేది కాదు.”

“కుక్కకని వండినదే కదా మేం తింటున్నాం? మా కోసం వేరే వండితే అది వేరే ఆహారమవుతుంది. ‘అదే ఆహారము’ అని స్పష్టంగా ఉంది.”

దీనికి జవాబు చెప్పగల చదువు మా జిల్లాలో లేదు.

కార్తీకమాసం వచ్చింది. కోదండపాణిగారికి నెల్లాళ్లూ మాంసం నిషేధం. ఆయన ముట్టనిది కుక్కకు పెట్టడానికి లేదు గనక చెవులయ్యకు కూడా మాంసం ఆగిపోయింది. సోమవారాలు ఆయన ఉపవాసం, చుక్క చూశాక ఫలహారం. చెవులయ్య కూడా చుక్క చూశాకే ముద్ద చూశాడు. వైకుంఠరావుగారికి షుగరు. అన్నం ఆయన ఒంటికి పడదన్నారు. ఒకరికి మాంసం కుదరక, ఒకరికి అన్నం కుదరక, చెవులయ్యకు కేరట్టు మిగిలింది. దాన్నీ నలుగురూ పంచుకున్నాకే.

ఆ రోజుల్లోనే ఆదెమ్మ ఓపిక చచ్చి, తన చద్దన్నంలో గేదె పెరుగు కలిపి, ఉప్పు వేయకుండా, చిప్పలో పెట్టి గోడ మీదుగా అందించబోయింది. కాపలాకు కూర్చున్న జకరయ్య లాఠీ అడ్డం పెట్టాడు.

“ఆగవ్వా. రుచి చూడని తిండి పెట్టటానికి లేదు.”

“నేను తిన్నాగా, ఇప్పుడే, ఇందులోంచే! చూడు, మూతికింకా పెరుగుంది.”

“నువ్వు తింటే సరిపోద్దా? నువ్వు బాధ్యత గల అధికారివా?”

“ఒరే జకరయ్యా, మీ అమ్మ నిన్ను నా కొట్టంలో ఇడిసిపెట్టి పొగాకు కోతకి పోయేది. నీకు ముద్దలు పెట్టింది ఏ అధికారిరా?”

జకరయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నాకు మాత్రం ఇష్టమా అవ్వా? ఆ ఎంగిలి కేరట్టుకి దిక్కులేక తింటన్నానా? ఇది చస్తే ముందు ఆ డాక్టరమ్మని పంపుతారు, తరవాత నన్ను. పెద్దోళ్లు బానే ఉంటారు.”

చెవులయ్య ఇద్దరి మధ్యా వెల్లకిలా పడి పొట్ట చూపించాడు. చూపించడానికి పొట్ట తగ్గిపోయింది. పక్కటెముకలు మద్దెల తాళ్లలాగా లెక్కకొస్తున్నాయి.

నెలాఖరుకు డాక్టరమ్మ బరువు తూచి, తరుగు వచ్చిందని పైకి రాసింది. వెంటనే అందరూ పరుగెత్తుకొచ్చి, ఆసుపత్రి వరండాలో ‘పదకొండో వస్తువు పోషణ పర్యవేక్షణ సంఘం’ మొదటి సమావేశం జరిపారు. వైకుంఠరావుగారు అధ్యక్షులు. ఆయన లేచి, పైమెట్టున నిలబడి మాట్లాడారు.

“ఇంత పకడ్బందీగా నలుగురు అధికారులు రుచి చూస్తున్నప్పటికీ సదరు ప్రాణి క్షీణించుట తీవ్రమైన విషయము. దీనినిబట్టి తేలుచున్నదేమనగా, పర్యవేక్షణ చాలుట లేదు.”

అందరూ తలలూపారు. ఆహారంలో లోపం లేదనడానికి వాళ్లే సాక్ష్యం. ఎవరి ఒంట్లోనూ తరుగు రాలేదు. కాబట్టి లోపం మందుల్లో ఉండాలి. చెవి మందు, పురుగుల మందు, పళ్లపొడి ఇవన్నీ ఎవరూ పరీక్షించకుండానే నేరుగా కుక్కకు ఇచ్చేస్తున్నారు! వైకుంఠరావుగారు నుదురు కొట్టుకున్నారు. అక్కడికక్కడే తీర్మానం రాశారు. ఇకమీదట ఈ జాతి ఆరోగ్యానికి శాస్త్రం చెప్పిన చికిత్స ఏదైనా సరే, కుక్కకు జరుపుటకు అరగంట ముందు బాధ్యత గల అధికారి తనపై జరిపించుకొనవలెను. ఒక్కో సమావేశంలో ఒక్కో చికిత్స డాక్టరు చెప్పాలి, ఏదీ దాచకూడదు.

గుమాస్తా రాసుకున్నాడు. ఆ గుమాస్తాకు ఒక అలవాటుంది, రాసిందల్లా చివర్న పైకి చదువుతాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

మొదట చెవి మందు. బాధ్యత ఎవరిదని పోటీ పడ్డారు. చివరికి వైకుంఠరావుగారి చెవిలో రెండు, కోదండపాణిగారి చెవిలో రెండు చుక్కలు పడ్డాయి. ఇద్దరూ తలలు చెరోపక్కకు వాల్చి, చేతులు కట్టుకుని, అరగంట సేపు వరండాలో కూర్చుంటే, గేదెల్ని తోలుకొచ్చినవాళ్లు ఏదో అశుభమనుకుని పలకరించకుండా పోయారు. చిత్రమేమిటంటే ఎన్నాళ్లనుంచో గుయ్యిమంటున్న కోదండపాణిగారి ఎడమ చెవి ఆ దెబ్బతో నిమ్మళించింది. అప్పటినుంచి వారం వారం ఆయనే ముందు వచ్చి బల్లమీద తల ఆనించేవారు.

తరవాత పురుగుల మాత్ర. ఆ పూట సంఘం సభ్యులంతా పెందరాళే ఇళ్లకు వెళ్లారు. మర్నాడు భ్రమరాంబగారు ఒళ్లు తేలికగా ఉందన్నారు. జకరయ్య మాత్రం సెలవులో ఉన్నాడు.

తరవాత పళ్లు. తరవాత దువ్వెన. వైకుంఠరావుగారికి దువ్వడానికి తలమీద ఏమీ లేదు గనక ఆ బాధ్యత ఆయన కింది అధికారికి బదలాయించారు. పొద్దునా సాయంత్రం నడక కూడా చికిత్సే అని తేలింది. చెరువుకట్ట మీద ముందు నలుగురు అధికారులు నడిచేవారు, అరగంట తరవాత చెవులయ్య నడవాలి. కానీ అప్పటికి నడిచే ఓపిక అతనిలో లేదు. డాక్టరమ్మ ఎత్తుకుని నడిచేది.

శాస్త్రప్రకారం తినడం, నడవడం, ఉప్పు మానడం, ఈ మూడూ నాలుగు నెలలు చేసేసరికి అధికారుల ముఖాల్లో కళ వచ్చింది. వైకుంఠరావుగారి షుగరు దిగింది. కోదండపాణిగారు పొట్ట తగ్గి కొత్త ప్యాంట్లు కుట్టించుకున్నారు. జిల్లా మీటింగులో ఈ సంఘం పనితీరును మెచ్చుకున్నారట. చెవులయ్య ఒక్కడే ఆ ప్రగతిలో కలిసి రాలేదు.

ఒక సాయంత్రం అతను గిన్నె దగ్గరికి రావడానికి లేచి, రెండడుగులు వేసి, పక్కకు ఒరిగిపోయాడు. డాక్టరమ్మ గుండె విని, సూది వేసి, ఒళ్లో పెట్టుకుని వరండా మెట్టు మీద కూలబడింది. ఆదెమ్మ పాలచెంబు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది.

“ఏందమ్మాయ్, పోతాడా?”

“గుండె చప్పుడు బాగాలేదు పెద్దమ్మా. కడుపునిండా తింటే నిలబడతాడు. ఇట్లాగే సాగితే మళ్లీ వాయిదాకు ఉండడు.”

“ఉండకపోతే నిన్నేం చేస్తారు?”

“సస్పెండు. ఈసారి ఆసుపత్రికి తాళం వేస్తే మళ్లీ తీసేవాళ్లుండరు. పైకి రెండుసార్లు రాశాను. రాసిన ప్రతిసారీ ఒక ఆకు ఎక్కువ వేయాల్సి వస్తోంది.”

ఆదెమ్మ నోట్లో పొగాకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. “నీకు చదువుంది గానీ కడుపుల సంగతి తెలవదమ్మాయ్. ఆళ్లకి నోటికందేది పెట్టినన్నాళ్లు, ఒంటికి పనికొచ్చేది పెట్టినన్నాళ్లు, కర్రబెట్టి తోలినా పోరు. మా గేదె పక్కోళ్ల చేలో పడితే, మేత వున్నంతసేపు కదిలిద్దా? ఆళ్లు మింగలేంది ఒకటి పెట్టు. నీ శాస్త్రంలో అట్టాంటిదేం లేదా?”

డాక్టరమ్మ ఒళ్లో ఉన్న చెవులయ్య మనిషి గొంతు వినబడగానే, చేతకాకపోయినా, అలవాటు మానుకోలేక మెల్లగా వెల్లకిలా తిరిగి కాళ్లు పైకెత్తాడు. ఆ అమ్మాయి చాలాసేపు అతన్నే చూస్తూ కూర్చుంది.

“ఇంకొక్కటి మిగిలింది పెద్దమ్మా,” అంది చివరికి.

తరవాతి సమావేశానికి సంఘమంతా హాజరైంది. వైకుంఠరావుగారు చెరువుకట్ట నడక ముగించుకుని, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉత్సాహంగా వచ్చారు.

“చెప్పండి డాక్టరుగారూ. నేటి చికిత్స ఏమిటి?”

“ఇది ఆఖరుది సార్. మగకుక్క ఈ జాతిలో ఏడాది దాటితే కుటుంబ నియంత్రణ ఆపరేషను మంచిదని శాస్త్రం. మత్తిచ్చి, చిన్న కోత పెట్టి, రెండు వృషణాలూ తీసేయడమే. వారంలో మానిపోతుంది.”

“తప్పకుండా, తప్పకుండా! శాస్త్రానికి ఎదురేమున్నది? రాసుకోవోయ్.”

గుమాస్తా రాసుకున్నాడు. రాసి, అలవాటు చొప్పున పైకి చదివాడు. “...సదరు శస్త్రచికిత్సను పదకొండో వస్తువుకు జరుపుటకు అరగంట ముందు, బాధ్యత గల అధికారి తనపై జరిపించుకొని, సంతృప్తి చెందినట్లు సంతకము చేయవలెను.”

వరండాలో పంకా తిరుగుతున్న చప్పుడు మాకు కొట్టం దగ్గరికి వినిపించింది.

ముందు తేరుకున్నది వైకుంఠరావుగారు. తువ్వాలు ఒళ్లో వేసుకుని, “కోదండపాణిగారూ, తొలినాటి నుంచీ ఇది రెవెన్యూ కస్టడీ వస్తువని మీరు చెబుతూ వస్తున్నారు. మీ హక్కును మేము కాదనలేదు,” అన్నారు.

“హక్కేముందండీ! కుక్కంటే పశువు. పశువులు తమ శాఖ. తమరే అన్నారుగా, ఏ రూపంలో ఉన్నా...”

“అది తాత్విక దృష్టితో అన్న మాట.”

“అయినా జప్తు చేసింది పోలీసులు. పట్టుకున్నవాడిదే బాధ్యత.”

అందరూ జకరయ్యవైపు తిరిగారు. జకరయ్య అటెన్షనులో నిలబడ్డాడు. “సార్, నేను హెడ్డుని. బాధ్యత నా ర్యాంకుకి రాదు సార్. అది ఎస్సైగారి నుంచి మొదలవుద్ది.” ఎస్సైగారికి ఫోను చేశారు. సంగతి విన్నాక అవతల లైను పోయింది. తరవాత రెండ్రోజులు ఆయన ఫోను మోగలేదు.

భ్రమరాంబగారు ఒక్కరే నిశ్చింతగా కూర్చుని బత్తాయి వలుచుకుంటున్నారు. వైకుంఠరావుగారి కళ్లలో ఆశ మెరిసింది.

“మేడం, ఈ ఒక్క అంశానికి తమరు బాధ్యత వహిస్తే...”

“నాదేముంది సార్, వహిస్తాను. కానీ జరిపించుకోకుండా సంతృప్తి చెందానని ఎట్లా సంతకం పెట్టను?” అన్నారావిడ, ఒక తొన నోట్లో వేసుకుని. “తప్పుడు సంతకం అవుతుంది.”

డాక్టరమ్మ వినయంగా నిలబడింది. “సార్, పరికరాలు ఉడకబెట్టించాను. రేపు పొద్దున ఖాళీ కడుపుతో రావాలి. ఎవరొస్తారో చెబితే మత్తు బరువును బట్టి కలుపుతాను.”

“ఎవరి బరువు?” అన్నారు కోదండపాణిగారు, పాలిపోయి.

“బాధ్యత గల అధికారిది సార్.”

ఆ సమావేశం ముగిసినట్టు ఎవరూ ప్రకటించలేదు. జీపుల చప్పుడును బట్టి మేమే తెలుసుకున్నాం. సాయంత్రానికల్లా కోదండపాణిగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. సదరు శునకానికి తాను ఏనాడూ బాధ్యత గల అధికారిని కాననీ, కార్తీకమాసంలో తిన్న కేరట్టు వ్యక్తిగత హోదాలో తిన్నదనీ దాని సారం. మాట రాకుండా సోఫాను కూడా ఆసుపత్రికి పంపేశారు. వైకుంఠరావుగారు తాను సాంకేతిక సలహాకే పరిమితమని రాశారు. పోలీసువారు కాపలా ఎత్తేశారు. జిల్లా ఆఫీసులో ఎవరిని కదిలించినా, బాధ్యత గల అధికారి పక్కగదిలో ఉంటాడని చెప్పారు. పక్కగదికి పోతే సెలవులో ఉన్నాడన్నారు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ నియమం తప్పకుండా అరగంట ఎదురుచూసింది. ఏ అధికారీ వచ్చి గేటు తియ్యనూ లేదు, ఆకు పరవనూ లేదు. అప్పుడు మాంసం ముక్కలు వేసి, నిండు గిన్నె చెవులయ్య ముందు పెట్టింది.

చెవులయ్య తినలేదు. గిన్నెవైపు చూశాడు, గేటువైపు చూశాడు. పాపం, అన్ని నెలల శిక్షణ. పెద్దలు తినందే తనవంతు రాదని అతనికి బాగా ఎక్కింది. గిన్నె పక్కన కూర్చుని, చొంగ కారుస్తూ, జీపు కోసం చూస్తున్నాడు. బతిమాలితే తల తిప్పుకున్నాడు. డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆదెమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని మెట్లెక్కింది. గిన్నెలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంది, నమిలింది, మొహం వికారంగా పెట్టింది.

“థూ, ఉప్పూ లేదు పసా లేదు! చస్తే తినరు మనుషులు. తినరా నాయనా, నాకేం కాలా. తిను.”

చెవులయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఆమె గుటక వేసేదాకా ఆగాడు. తరవాత గిన్నెలో మూతి పెట్టాడు.

వాయిదా నాటికి చెవులయ్య కోర్టులో తూకానికి సరిగ్గా తూగాడు. జడ్జిగారు సంతోషించి, ఇంత శ్రద్ధగా చూసుకున్న బాధ్యత గల అధికారి ఎవరో నిలబడమన్నారు. ఎవరూ నిలబడలేదు. సర్కారు వకీలు లేచి గొంతు సవరించుకున్నాడు.

“అన్ని శాఖలనూ లిఖితపూర్వకంగా విచారించామండీ. ఈ జిల్లాలో బాధ్యత గల అధికారి ఎవరూ లేరని రూఢి అయింది.”

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఈ విషయం కోర్టుకు కొత్తగా తెలియవలసినది కాదన్నారు. కేసు తేలేదాకా కుక్కను డాక్టరు ప్రసూన తన ఇంటి కుక్కలాగే చూసుకోవచ్చుననీ, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదనీ ఉత్తర్వు రాశారు. కేసు తేలే లోపల చెవులయ్య మనవళ్లు కూడా ముసలివాళ్లవుతారని ఊళ్లో అనుకున్నారు. ఆ మాట ఎంత పొరపాటో అప్పటికి మాకు తెలియదు.

ఆ ఆదివారం డాక్టరమ్మ జప్తు సోఫా మీద కూర్చుని, చెవులయ్య తల ఒళ్లో పెట్టుకుని చెవులు తుడుస్తోంది. అతనికి మళ్లీ పొట్ట వచ్చింది. ఆదెమ్మ వాకిట్లో పాలచెంబు దించింది.

“ఇంతకీ ఆ ఆపరేషను ఎప్పుడు చేస్తావమ్మాయ్? పరికరాలు ఉడకబెట్టానన్నావుగా?”

“గేదెలకు వాడే సూదులు పెద్దమ్మా అవి. రోజూ ఉడకబెడతాను. ఇతనికి చేసేదేమీ లేదు. ఆ ఆపరేషను చిన్నప్పుడే అయిపోయింది. జీపు దిగిన రోజే చూశాను.”

ఆదెమ్మ నోరు తెరిచింది. “మరి అంతమంది, అన్ని నెలలు, ఎదురుగా కూకుని...”

“మందు చూశారు పెద్దమ్మా, మాంసం చూశారు, గడియారం చూశారు. ఇతని వంక చూసినవాళ్లు లేరు.”

అప్పుడే తాసిల్దారు ఆఫీసు బంట్రోతు గేటు తీసుకుని లోపలికొచ్చాడు, అయ్యగారి చెవి మళ్లీ గుయ్యిమంటోంది, ఆ చుక్కలమందు కాస్త ఇప్పించమని. కొత్త మనిషి గొంతు విని చెవులయ్య సోఫా దిగాడు. అతని కాళ్ల ముందు వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ బార్లా చాపి, ఎప్పట్లాగే సమస్తం చూపించాడు.

బంట్రోతు తల పక్కకు తిప్పుకుని, అతన్ని దాటుకుని వచ్చాడు.